కాదన్న మాట కాగితం మీదికి రావాలి

కొత్త కారు కొని ఏడాది తిరగలేదు. గేరు మార్చినప్పుడల్లా కింద నుంచి గరగరమని శబ్దం. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే అడ్వైజర్ బండి చుట్టూ ఒకసారి తిరిగి, కంప్యూటర్‌లో ఏదో చూసి, "ఇది వారంటీలో రాదు సార్, పార్టు మార్చాలి, లేబర్‌తో కలిపి ముప్పై వేల పైన అవుతుంది" అంటాడు. లోను వాయిదాలు ఇంకా నాలుగేళ్లు ఉన్నాయి. ఇంట్లో వాళ్లకి ఏం చెప్పాలో తెలియదు.

ఆ నిమిషంలో చాలామంది రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తారు. కొందరు గొంతు పెంచి, ఎండీని పిలవమంటారు, సోషల్ మీడియాలో పెడతామని బెదిరిస్తారు. ఇంకొందరు "మన ఖర్మ" అనుకుని కార్డు తీసి కట్టేస్తారు. అరిచినవాడి కోపం సాయంత్రానికి చల్లారుతుంది, సర్వీస్ సెంటర్ దగ్గర దానికి ఏ రికార్డూ మిగలదు. కట్టేసినవాడు తన హక్కును తనే వదులుకున్నట్టు బిల్లు మీద సంతకం పెట్టి వస్తాడు.

ఈ అధ్యాయం మూడో దారి గురించి. నోటితో అన్న "కాదు"కు బాధ్యుడు ఉండడు. రేపు అడిగితే "మేం అలా అనలేదే" అంటారు. అదే మాట కారణంతో, తేదీతో, సంతకంతో కాగితం మీదికి వస్తే దాన్ని ప్రశ్నించవచ్చు, పై అధికారికి చూపించవచ్చు, వినియోగదారుల కమిషన్ ముందు పెట్టవచ్చు. వారంటీ గొడవలో మీరు నేర్చుకోవాల్సిన ముఖ్యమైన విద్య ఇదే: నోటిమాటను మర్యాద తప్పకుండా, పట్టు వదలకుండా కాగితం మీదికి తేవడం.

ముందు ఎదుటి మనిషిని అర్థం చేసుకోండి

కౌంటర్ అవతల ఉన్న కుర్రాడికి మీ మీద పగ లేదు. చాలాసార్లు నిర్ణయం కూడా అతనిది కాదు. వారంటీ ఇచ్చేది కారు తయారుచేసిన కంపెనీ, పని చేసేది డీలరు. వారంటీ కింద ఒక పార్టు మార్చాక దాని ఖరీదు, లేబర్ కలిపి డీలరు కంపెనీకి క్లెయిమ్ పంపుతాడు. కంపెనీ ఒప్పుకుంటే డబ్బు తిరిగి వస్తుంది. ఫోటోలు సరిగా లేవనో, పాత పార్టు చూస్తే వాడకంలో పాడైనట్టుందనో క్లెయిమ్ తిప్పికొడితే ఆ ఖర్చు డీలరు నెత్తిన పడుతుంది. అందుకే కొంచెం అనుమానం ఉన్న కేసును పైకి పంపే బదులు కౌంటర్ దగ్గరే ఆపేయడం వాళ్లకు సులువు.

ఈ సంగతి తెలిస్తే అవమానం జరిగిందన్న బాధ తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యంగా, అడగాల్సిన మొదటి ప్రశ్న దొరుకుతుంది: "క్లెయిమ్ కంపెనీకి పంపితే వాళ్లు కాదన్నారా, లేక పంపకుండా మీరే కాదంటున్నారా?" పంపలేదంటే మీ కేసులో కంపెనీ ఇంకా ఏమీ చెప్పలేదనే అర్థం. "అయితే పంపండి, క్లెయిమ్ నంబరు ఇవ్వండి" అని అడగండి. పంపి కాదనిపించుకున్నామంటే ఆ జవాబు కాపీ అడగండి. చాలా గొడవలు ఈ ఒక్క ప్రశ్న దగ్గరే మలుపు తిరుగుతాయి, ఎందుకంటే దీన్ని అడిగే కస్టమర్లు తక్కువ.

వారంటీ పుస్తకం తెరవండి

డెలివరీ రోజు పూలదండ, కేకు, ఫోటోల హడావిడిలో చేతికిచ్చిన చిన్న పుస్తకం గ్లవ్ బాక్సులో అలాగే ఉంటుంది. ఇప్పుడు దాని అవసరం వచ్చింది. ముందుగా గడువు చూడండి. అది ఏళ్లలోనూ కిలోమీటర్లలోనూ ఉంటుంది, ఏది ముందు పూర్తయితే అక్కడితో ముగుస్తుంది. కంపెనీలు దీన్ని మారుస్తుంటాయి. ఉదాహరణకు మారుతి సుజుకి 2024 జులైలో 2 ఏళ్లు లేదా 40,000 కిలోమీటర్లుగా ఉన్న వారంటీని 3 ఏళ్లు లేదా 1,00,000 కిలోమీటర్లకు పెంచింది. మీరు కొన్న నాటి షరతులే మీకు వర్తిస్తాయి కాబట్టి పక్కింటివాళ్ల కారు చూసి లెక్క వేయకండి. డబ్బు కట్టి తీసుకున్న ఎక్స్‌టెండెడ్ వారంటీకి షరతులు వేరుగా ఉంటాయి, ఆ కాగితం విడిగా చదవండి.

తర్వాత, ఏది వస్తుంది, ఏది రాదు అన్నది చూడండి. తయారీలో గానీ, వాడిన సామగ్రిలో గానీ లోపముంటే ఆ పార్టును ఉచితంగా బాగుచేయడమో మార్చడమో కంపెనీ బాధ్యత. బ్రేక్ ప్యాడ్లు, వైపర్ బ్లేడ్లు, ఫిల్టర్లు, ఆయిల్ లాంటి అరిగిపోయేవీ ఖర్చయ్యేవీ సాధారణంగా రావు. టైర్లకూ మామూలు బ్యాటరీకీ వాటిని తయారుచేసిన కంపెనీలే వేరుగా వారంటీ ఇస్తాయి. ప్రమాదం, వరద నీళ్లు, ఎలుకలు కొరికిన వైర్లు ఇన్సూరెన్స్ పరిధిలోకి వచ్చే విషయాలు.

చదివాక మీ కేసు నిజంగా వారంటీలోకి రాదని తేలితే ఒప్పుకోండి. న్యాయం లేని చోట పట్టుబడితే మీ శక్తి వృథా. న్యాయం ఉందని తేలితే మాత్రం వెనక్కి తగ్గకండి.

తరచుగా వినిపించే కారణాలు, వాటికి మీ ప్రశ్నలు

వారంటీ కాదనడానికి చెప్పే కారణాలు దాదాపు అన్నిచోట్లా ఒకటే. ప్రతి కారణానికీ వేయాల్సిన మూల ప్రశ్న కూడా ఒకటే: "మీరు చెప్పే కారణానికీ, ఈ లోపానికీ సంబంధం ఏమిటి?"

"సర్వీస్ ఆలస్యంగా చేయించారు." ఆయిల్ మార్చడంలో ఆలస్యం వల్ల ఇంజిన్ లోపలి భాగాలు దెబ్బతినవచ్చు, అది న్యాయమైన వాదన. కానీ అదే ఆలస్యం వల్ల డ్యాష్‌బోర్డ్ మీది టచ్ స్క్రీన్ ఎందుకు ఆగిపోతుంది? పవర్ విండో మోటారు ఎందుకు కాలిపోతుంది? ఆ సంబంధం వాళ్లు చూపించాలి.

"బయట మెకానిక్ దగ్గర పని చేయించారు." ఈ మాట వినగానే చాలామంది తల దించుకుంటారు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు మొత్తం రూ.2,544 కోట్లకు పైగా జరిమానా వేసిన ఉత్తర్వులో ఈ విషయాన్ని నేరుగా ప్రస్తావించింది. బయటి గ్యారేజీలో పని చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందని గంపగుత్తగా షరతు పెట్టకూడదని, బయటి పనిలోని తప్పు వల్ల నష్టం జరిగితే ఆ నష్టం మేరకే వారంటీ కాదనవచ్చని చెప్పింది. కంపెనీలు ఆ ఉత్తర్వు మీద అప్పీళ్లకు వెళ్లాయి. అయినా అందులోని తర్కం మీ లేఖలో రాయదగ్గదే. బయట పంక్చర్ వేయించినందుకు ఏసీ కంప్రెసర్ వారంటీ పోదు.

"బయటి యాక్సెసరీలు బిగించారు." హెడ్‌లైట్ల వైరు కోసి కొత్త లైట్లు కలిపితే, ఆ సర్క్యూట్‌లో లోపానికి మీరే బాధ్యులు కావచ్చు. సీటు కవర్లు వేయించినందుకు స్టీరింగ్ ర్యాక్‌ను కాదనడం కుదరదు. వాళ్ల షోరూమ్‌లోనే బిగించిన యాక్సెసరీ అయితే ఆ బిల్లు తీసి పెట్టుకోండి.

"పెట్రోల్, డీజిల్ కల్తీ." ఇంజెక్టర్లు, ఫ్యూయల్ పంప్ పాడైనప్పుడు ఎక్కువగా వచ్చే మాట ఇది. అలా అంటే ట్యాంకులోంచి శాంపిల్ మీ ఎదుటే తీసి, సీసాకు సీలు వేసి, ల్యాబ్ రిపోర్టు ఇవ్వమనండి. కంటితో చూసి చెప్పింది రిపోర్టు కాదు. మీవైపు నుంచి బంకు బిల్లులో, యూపీఐ చెల్లింపుల వివరాలో చూపించగలిగితే వాదన బలపడుతుంది.

"వేర్ అండ్ టేర్, మీ డ్రైవింగ్ వల్లే." క్లచ్ విషయంలో ఇది ఎక్కువ. క్లచ్ ప్లేటు అరగడం సహజమే, అయితే ఎన్ని వేల కిలోమీటర్లకు అరిగింది? ప్లేటు మాత్రమే అరిగిందా, ప్రెజర్ ప్లేటు, బేరింగ్ కూడా పాడయ్యాయా? విప్పిన భాగాలు చూపించమనండి, ఫోటో తీసుకోండి. డబ్బు కట్టి మార్పించుకున్నా పాత పార్టు ఇంటికి తెచ్చుకోండి. రేపు నిపుణుడు పరీక్షించాలంటే ఆ పార్టే సాక్ష్యం.

"ఈ మోడల్ అన్నిటికీ ఇంతే సార్." అయితే అదే మోడల్ ఇంకో బండి తెప్పించి, అదే రోడ్డు మీద మీతోపాటు నడిపి చూపించమనండి. రెండింటికీ తేడా ఉంటే ఆ మాట సర్వీస్‌కి బండి ఇచ్చినప్పుడు తెరిచే జాబ్ కార్డ్ మీద రాయించండి.

"నీళ్లు వెళ్లాయి." 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు ఎన్నో ఇళ్ల ముందు వాహనాలు నీళ్లలో ఉండిపోయాయి. మునిగిన బండిని స్టార్ట్ చేస్తే సిలిండర్లలోకి నీళ్లు చేరి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. దీనికి వారంటీ వర్తించదు. ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్-ఆన్ ఉంటేనే ఇంజిన్ ఖర్చుకు ధైర్యం. కాబట్టి మునిగిన బండికి తాళం తిప్పకండి. టోయింగ్ చేయించి, ముందు ఇన్సూరెన్స్‌కు చెప్పండి.

ఇంకో సంగతి. మీ లోపం కంపెనీకి ముందే తెలిసినదై ఉండవచ్చు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబరు కొట్టి రీకాల్ ఏమైనా ఉందేమో చూడండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం రీకాల్‌కు చట్టబద్ధత ఇచ్చింది, దాని నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. రీకాల్ కింద చేసే పనికి మీరు డబ్బు కట్టనక్కర్లేదు.

జాబ్ కార్డ్: మీ కేసు మొదలయ్యేది ఇక్కడే

బండి లోపలికి తీసుకునేటప్పుడు అడ్వైజర్ ఒక జాబ్ కార్డ్ తెరుస్తాడు. ఓడోమీటర్ రీడింగ్, పెట్రోల్ మట్టం, గీతలు, దాంతోపాటు కస్టమర్ చెప్పిన ఫిర్యాదు అందులో ఉంటాయి. ఆ ఫిర్యాదు గడిలో అడ్వైజర్లు సాధారణంగా "నాయిస్ చెక్" అని రెండు ముక్కలు కొట్టి ఊరుకుంటారు. ఆ రెండు ముక్కలతో రేపు ఏదీ రుజువు కాదు. మీరు ఇలా రాయించండి: "ఉదయం చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేశాక, రెండో గేరులో 20 కిలోమీటర్ల వేగం దగ్గర ఎడమ ముందు చక్రం వైపు నుంచి టకటకమని శబ్దం. ఇదే ఫిర్యాదుతో బండి రావడం ఇది మూడోసారి." లోపం ఏమిటో, ఎప్పుడు వస్తుందో, ఎన్నోసారో అందులో తేలిపోతుంది.

వచ్చిపోయే లోపాలతోనే ఇబ్బంది ఎక్కువ. ఇంట్లో వచ్చే శబ్దం సర్వీస్ సెంటర్‌లో రాదు, "చెక్ చేశాం, ఓకే" అని రాసి పంపేస్తారు. ఫోన్‌లో వీడియో తీసి ఉంచండి. ఉదయం పూటే వచ్చే శబ్దమైతే బండిని రాత్రంతా అక్కడే వదలండి, పొద్దున మెకానిక్ స్టార్ట్ చేసేటప్పుడు మీరూ ఉండండి. వార్నింగ్ లైట్ వెలిగితే, స్కానర్ పెట్టి కోడ్‌లు చెరిపేయక ముందే వాటి ప్రింటో ఫోటోనో అడగండి. చెరిపేసిన కోడ్ మళ్లీ వచ్చేదాకా మీ దగ్గర ఆధారం ఉండదు.

ఇప్పుడు కాకినాడలో ఒక టీచరమ్మ తన బండి విషయంలో సర్వీస్ సెంటర్‌లో కూర్చున్నారనుకుందాం. మాటలు ఇలా సాగుతాయి.

"ఇది వేర్ అండ్ టేర్ మేడమ్, వారంటీలో రాదు."

"సరేనండీ. వారంటీ పుస్తకంలో ఏ షరతు కింద రాదో జాబ్ కార్డ్ మీద రాసి సంతకం పెట్టివ్వండి."

"మేం అలా రాసివ్వం మేడమ్. మాకు పర్మిషన్ లేదు."

"అలాగేనండీ, మిమ్మల్ని ఇబ్బంది పెట్టను. నేనే మెయిల్ పెడతాను. ఈరోజు తేదీ, మీ పేరు, మీరు చెప్పిన కారణం రాస్తాను. అందులో తప్పేమైనా ఉంటే తిరుగు మెయిల్‌లో సరిదిద్దండి."

"ఒక్క నిమిషం కూర్చోండి మేడమ్. వర్క్స్ మేనేజర్ గారితో మాట్లాడి వస్తాను."

ఆవిడ గొంతు పెంచలేదు, ఎవరినీ కించపరచలేదు. వాళ్లు రాయకపోయినా ఆ మాట కాగితం మీదికి వచ్చే ఏర్పాటు చేసుకున్నారు. రాసివ్వడానికి నిరాకరించినప్పుడు వాడాల్సిన పద్ధతి ఇదే: జరిగింది జరిగినట్టు అదే రోజు మెయిల్ చేయడం. దానికి జవాబు రాకపోయినా, ఆ రోజున మీరు ఆ మాట రాసిపెట్టారన్న రికార్డు నిలుస్తుంది.

బండి తిరిగి తీసుకునేటప్పుడు రెండు జాగ్రత్తలు. లోపం పోకుండానే "పని సంతృప్తికరంగా జరిగింది" అన్న కాగితం మీద సంతకం అడుగుతారు. "లోపం అలాగే ఉంది, అభ్యంతరంతో బండి తీసుకుంటున్నాను" అని మీ చేత్తో రాసి, అప్పుడు సంతకం పెట్టండి. తర్వాత కంపెనీ నుంచి ఫీడ్‌బ్యాక్ కాల్ వస్తుంది. "పదికి పది ఇవ్వండి సార్, లేకపోతే నా ఇన్సెంటివ్ పోతుంది" అని అడ్వైజర్ బతిమాలుకుంటాడు. జాలి కలుగుతుంది, నిజమే. అయినా ఆ మార్కులు కంపెనీ రికార్డులో ఉంటాయి. మనిషి ప్రవర్తన బాగుందనండి, పని పూర్తికాలేదని స్పష్టంగా చెప్పండి.

లేఖ ఎలా రాయాలి

డీలరు దగ్గర పని కాకపోతే డీలరు జనరల్ మేనేజర్‌కూ, కంపెనీ కస్టమర్ కేర్‌కూ ఒకే మెయిల్ పంపండి. ఆవేశం వద్దు, విశేషణాలు వద్దు. నమూనా ఇది:

"విషయం: వారంటీ కింద మరమ్మతు నిరాకరణ. ఛాసిస్ నంబరు, రిజిస్ట్రేషన్ నంబరు, కొన్న తేదీ, ప్రస్తుత కిలోమీటర్లు ఇవి. ఫలానా తేదీల్లో ఫలానా జాబ్ కార్డ్ నంబర్లతో ఇదే లోపం గురించి ఫిర్యాదు చేశాను. ఫలానా రోజున మీ సర్వీస్ అడ్వైజర్ ఇది వారంటీలోకి రాదని నోటిమాటగా చెప్పారు. ఏ షరతు కింద రాదో, ఆ కారణానికీ ఈ లోపానికీ సాంకేతికంగా సంబంధం ఏమిటో 15 రోజుల్లో రాతపూర్వకంగా తెలపగలరు. వారంటీ వర్తించే పక్షంలో ఉచితంగా బాగుచేసే తేదీ చెప్పగలరు. జాబ్ కార్డులు, బిల్లులు, వీడియో జతచేస్తున్నాను."

ఇంతే చాలు. తెలుగులో రాసినా తప్పులేదు. కంపెనీ హెడ్డాఫీసు వేరే రాష్ట్రంలో ఉంటే ఇంగ్లీషులో రాయడం వల్ల పని త్వరగా కదులుతుంది. ఈ దశలో కంపెనీ ఏరియా సర్వీస్ మేనేజర్ వచ్చి బండి చూడవచ్చు. ఒక్కోసారి "వారంటీలో రాదు గానీ, గుడ్‌విల్ కింద పార్టు ఖర్చు మేం భరిస్తాం, లేబర్ మీరు కట్టండి" అంటారు. అది మీకు న్యాయంగా తోస్తే తీసుకోండి. రాజీపడటం ఓటమి కాదు. ఏది ఒప్పుకున్నా అది మెయిల్‌లోనే ఒప్పుకోండి.

ఆపైన ఉన్న మెట్లు

మొదటిది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. వాళ్లు మీ ఫిర్యాదును కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. అది కోర్టు కాదు, తీర్పు చెప్పదు, కానీ ఆ ఫిర్యాదుతో కౌంటర్ దగ్గర ఆగిన మీ ఫైలు కంపెనీ కేంద్ర కార్యాలయం బల్ల మీదికి వెళ్తుంది. ఖర్చేమీ లేదు.

అదీ పనిచేయకపోతే లాయర్ ద్వారా నోటీసు, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2020 జులై నుంచి అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం మీకు ఇక్కడ గట్టి అండ. కారు ఎక్కడ కొన్నా మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. హైదరాబాద్‌లో కొని శ్రీకాకుళంలో ఉంటే శ్రీకాకుళంలోనే వేసుకోవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషనే చూస్తుంది. ఫీజు 5 లక్షల దాకా ఏమీ లేదు, 10 లక్షల దాకా రూ.200, 20 లక్షల దాకా రూ.400, 50 లక్షల దాకా రూ.1,000. లాయర్ తప్పనిసరి కాదు, మీ కేసు మీరే వాదించుకోవచ్చు. 2025 జనవరిలో మొదలైన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. సొంత బతుకుతెరువు కోసం తానే ట్యాక్సీ నడుపుకునేవారికి కూడా ఈ చట్టం వర్తిస్తుంది.

గడువు మాత్రం మరవకండి. వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్లలోపు ఫిర్యాదు వేయాలి. "వచ్చే నెల చూస్తాం సార్" అన్న మాటలతో ఆ కాలం కరిగిపోకుండా చూసుకోండి.

ఫిర్యాదులో డీలరునూ కంపెనీనీ ఇద్దరినీ చేర్చండి. ఎవరు ఏ తప్పు చేశారో విడివిడిగా రాయండి. 2021లో టాటా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు, డీలరు సొంతంగా చేసిన తప్పుకు కంపెనీకి తెలుసని రుజువు కాకుండా కంపెనీని బాధ్యుణ్ని చేయలేమంది. కాబట్టి "ఇద్దరూ కలిసి మోసం చేశారు" అని కలగాపులగంగా రాస్తే నష్టం మీకే.

ఏం అడగాలో తెలిసి అడగండి

కోపంలో ఉన్నప్పుడు అందరూ అడిగేది ఒకటే: "నాకు కొత్త కారు కావాలి." మన దేశంలో అమెరికాలో ఉన్నట్టు లోపాల కార్ల కోసం ప్రత్యేకంగా లెమన్ లా లేదు. 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు, పార్టు బాగుచేయడమో మార్చడమో వారంటీ హామీ అయినప్పుడు, అలా సరిచేయగలిగిన లోపానికి కారు మొత్తం మార్చమనలేమని తేల్చింది. మార్చి ఇవ్వాలన్నా, డబ్బు వాపసు ఇవ్వాలన్నా లోపం తయారీలోనే ఉందని సాధారణంగా నిపుణుడి నివేదికతో చూపించాలి. కమిషన్ కావాలంటే ల్యాబ్ పరీక్షకు పంపుతుంది, దాని ఫీజు ముందుగా మీరు కట్టాల్సి రావచ్చు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఒక హ్యుందాయ్ క్రెటా ప్రమాదానికి గురైతే ముందువైపు ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. ఆ కేసులో కారు మార్చి ఇచ్చి, నష్టపరిహారం కూడా ఇవ్వాలన్న ఆదేశాన్ని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఎంత వేగంతో, ఎంత బలంతో ఢీకొంటే ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటుందో లెక్కకట్టేంత భౌతికశాస్త్రం కొనుగోలుదారుకు తెలిసి ఉండాలనడం సరికాదని చెప్పింది. ప్రాణాలు కాపాడతాయని చెప్పి అమ్మినవి ప్రాణం మీదికి వచ్చినప్పుడు పనిచేయకపోతే కోర్టులు తేలిగ్గా తీసుకోవు.

అందుకని మీ కోరికలను మెట్లుగా రాయండి. మొదట ఉచిత మరమ్మతు, కట్టిన డబ్బు ఉంటే వాపసు, బండి లేని రోజుల్లో అయిన ప్రయాణ ఖర్చులు, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు. మరమ్మతుతో పోని లోపమైతేనే కారు మార్పిడి లేదా ధర వాపసు.

ఈలోపు బతుకు బండి నడవాలి

బ్రేకు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగు, పెట్రోల్ లీకు లాంటి ప్రమాదకరమైన లోపమైతే కేసు కోసం బండిని అలాగే నడపకండి. అవసరమైతే డబ్బు కట్టి బాగుచేయించుకోండి. కాకపోతే చెల్లించే ముందు "హక్కులు వదులుకోకుండా, అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని మెయిల్ పెట్టండి, బిల్లు మీదా రాయండి.

లోను వాయిదా ఆపకండి. బ్యాంకుకూ మీ కారు లోపానికీ సంబంధం లేదు. వాయిదా ఆపితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, బండి సీజ్ చేసే దాకా పోవచ్చు, ఒక గొడవ రెండవుతుంది.

ఇంట్లో ఈ విషయం రోజూ రాత్రి భోజనాల దగ్గర చర్చకు రాకుండా చూసుకోండి. వారంలో ఒకరోజు, ఒక గంట దీనికి కేటాయించండి. ఆ గంటలో మెయిల్స్ చూడండి, ఫైలు సర్దండి, రిమైండర్ పంపండి. మిగతా వారం మీది, మీ పిల్లలది. ఇలాంటి పోరాటాల్లో మనిషిని అలసిపోయేలా చేసేది నష్టపోయిన డబ్బు కన్నా రాత్రింబవళ్లు దాని గురించే ఆలోచించడం. పని వేళ పెట్టుకున్నవాడు చివరిదాకా నిలబడగలడు.

ఇంటర్నెట్‌లో రాయాలనిపిస్తే నిజమే రాయండి, తేదీలతో రాయండి. సర్వీస్ కుర్రాడి ఫోటో పెట్టి తిట్టకండి. అతని ఉద్యోగం పోతే మీ గేరు బాక్సు బాగుపడదు.

ఈరోజే రెండు పనులు చేయండి. మీ కారు బాగానే నడుస్తున్నా సరే, వారంటీ పుస్తకం బయటికి తీసి షరతుల పేజీ చదవండి. కొన్న బిల్లు, సర్వీస్ బిల్లులు, జాబ్ కార్డులు, యాక్సెసరీల రసీదులు ఒకే ఫైల్లో పెట్టండి, ఫోన్‌లోనూ ఫోటోలు తీసి ఉంచండి. రేపు ఎవరైనా "వారంటీలో రాదు" అంటే గొంతు పెంచకుండా, తల దించుకోకుండా ఆ మాట రాసివ్వమని అడగండి. అది మీరు డబ్బు కట్టి కొనుక్కున్న హామీ, దాన్ని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.